ఎర్రగీత దాటని సముద్రం

ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన అంకెల్లో నూట ఒకటి అబద్ధం. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ అదే వచ్చింది. వాటిలో నూరు తెలియక రాసినవి. ఒకటి తెలిసి రాసింది. చెప్పవలసింది ఆ ఒక్కదాని గురించే. కానీ మిగిలిన నూరూ లేకుండా అది అర్థం కాదు కనుక వాటితోనే మొదలుపెడతాను. కొత్తగా ఉద్యోగంలో చేరి, ముందున్నవాళ్ళు ఎలా చెబితే అలా రాస్తున్న పిల్లలెవరైనా ఇది చదివితే, కాస్త ఓపిక పట్టమని మనవి.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, యాభై మూడో ఏట నా ఇష్టం మీద విరమించుకున్నాను. చివరి పదేళ్ళూ డెల్టా కొసన ఒక సెక్షనులో గడిచాయి. గోదావరి నీళ్ళు కాలువల్లో వచ్చి, చేలల్లో పారి, మిగిలినవి మురుగుకాలువలో పడి సముద్రానికి పోయే చోటు అది. ఆ మురుగుకాలువ నోటికి అడ్డంగా ఒక స్లూయిస్ ఉండేది. ఎనిమిది ఖానాలు, ఎనిమిది ఇనుప తలుపులు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తలుపులు ఎత్తి లోపలి నీటిని వదలాలి. పోటు వచ్చే వేళకు దించి ఉప్పునీటిని ఆపాలి. ఈ పని చేసే మనిషిని లస్కరు అంటారు.

సముద్రం వైపు గోడమీద అడుగులు, అడుగులో పదోవంతులు గీసిన కొలత ఉండేది. ఆరడుగుల దగ్గర ఒక ఎర్రగీత. తలుపుల పై అంచు ఆ గీతకు పావు అడుగు పైన. పగటి పోటు నిండిన సమయంలో నీరు ఎంతవరకు వచ్చిందో లస్కరు చూసి నాకు ఫోనులో చెప్పాలి, నేను రిజిస్టరులో రాసి నెలాఖరుకు పైకి పంపాలి. పని ఇంతే. ఎంత చిన్న పనో, దాన్ని ఎంత పాడుచేయవచ్చో తెలుసుకోవడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ సెక్షనుకు వెళ్ళిన మొదటి వారమే పక్క సెక్షను ఇన్‌స్పెక్టరు నాకు పని చెప్పారు. ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్ద. నన్ను తమ్ముడూ అని పిలిచేవారు. స్లూయిస్ గోడమీద కూర్చుని, కాళ్ళు ఊపుతూ, ఎర్రగీత చూపించారు.

"ఇది చూశావా తమ్ముడూ? తుఫాను రోజు తప్ప సముద్రం ఈ గీత దాటదు. దాటిందని లస్కరు చెప్పాడంటే అల ఎగిరిపడ్డప్పుడు చూశాడన్నమాట. లేదంటే అసలు చూడలేదన్నమాట. అప్పుడు మనం ఏం రాయాలి?"

"ఏం రాయాలండి?"

"ఆరు. గుండ్రంగా, అందంగా. పైవాళ్ళు సంతోషిస్తారు, మనం భోజనానికెళ్తాం."

నాకు అది న్యాయంగానే తోచింది. కొలిచేవాడు పొరబడతాడు, సరిచేసేవాడు ఉండాలి. అంకెల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. కుర్రతనం నుంచీ రోజూ డైరీ రాస్తాను. బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో, వానకు ఎన్నింటికి తలుపు మూశానో అన్నీ అందులో ఉంటాయి. సరిచేసిన ప్రతి అంకెనూ ఆ రాత్రే డైరీలో ఎక్కించేవాణ్ణి: "లస్కరు చెప్పినది 6.2. సరిచేసి రాసినది 6.0." అందులో అపరాధభావం లేదు. నా శ్రద్ధకు అది సాక్ష్యం అనుకునేవాణ్ణి.

లస్కరు ఒక ఆడమనిషి. ఆమె భర్త అక్కడ లస్కరుగా ఉండి జబ్బుచేసి పోతే, కారుణ్య నియామకంలో ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆమెకు ముప్ఫై ఐదేళ్ళుంటాయి. ఏడో తరగతి చదివింది. స్లూయిస్ పక్కనే రెండు గదుల క్వార్టరులో ఒక్కతే ఉండేది. ఆదివారాలు మాత్రం తలుపులు చూసుకున్నాక, తెల్లచీర కట్టుకుని మూడు కిలోమీటర్లు గట్టు మీద నడిచి బాప్టిస్టు చర్చికి వెళ్ళేది.

నేను ఉండేది అక్కడికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఒక్కటి తప్ప బస్సులన్నీ వెనక్కి తిరిగే ఊళ్ళో, సెక్షను ఆఫీసు వెనక అద్దెగదిలో. నా భార్య నిడదవోలులో టీచరు. శనివారం వెళ్ళి సోమవారం తెల్లవారుజామున వచ్చేవాణ్ణి. మిగిలిన రోజుల్లో నాతో మాట్లాడేవాళ్ళు ఇద్దరే. పొద్దున లస్కరు, సాయంత్రం పక్క సెక్షను ఇన్‌స్పెక్టరు. ఆమెతో మాటలు అర నిమిషం, ఆయనతో అరగంట.

"ఇన్‌స్పెక్టరు గారండి, ఆరూ పాయింటు రెండండి."

"అల వచ్చినప్పుడు చూశావేమో అమ్మా. సరిగ్గా చూడాలి."

"ఆయ్, చూస్తానండి."

తొమ్మిదేళ్ళలో ఈ సంభాషణ ఎన్నిసార్లు జరిగిందో తరువాత లెక్క తేలింది. ఒక్కసారి కూడా ఆమె ఎదురుచెప్పలేదు. ఒక్కసారి కూడా అంకె మార్చలేదు.

మీరు అడగవచ్చు, వెళ్ళి చూడలేదా అని. వెళ్ళాను. నెలకు ఒకసారి తనిఖీ చేసి సంతకం పెట్టాను. కానీ అమావాస్య, పౌర్ణమిల పెద్దపోటు మా తీరంలో పొద్దున తొమ్మిది ప్రాంతాల నిండుతుంది. తొమ్మిదిన్నరకు నేను ఆఫీసులో హాజరుపట్టీలో సంతకం పెట్టాలి. స్లూయిస్ వైపు బస్సు మధ్యాహ్నం. నేను దిగేసరికి సముద్రం వెనక్కి వెళ్ళిపోయి, కొలతగోడ మొదలుదాకా బయటపడి, బురదలో పీతలు తిరుగుతుండేవి. తొమ్మిదేళ్ళూ నేను చూసిన సముద్రం కిందనే ఉంది. సమయపాలనలో నాకు మచ్చ లేదు. ఆ మచ్చలేనితనమే నన్ను చూడవలసిన చోట లేకుండా చేసింది.

ఆ ఏడు సెప్టెంబరు ఇరవై తొమ్మిది, పౌర్ణమి. ఫోను తొమ్మిదీ పదికి మోగింది.

"ఇన్‌స్పెక్టరు గారండి, ఆరూ పాయింటు నాలుగండి. తలుపుల మీంచి దూకుతోందండి. ఎనిమిదీ దించే ఉన్నాయండి."

"గాలి ఉందా?"

"ఆకు కదలట్లేదండి."

"గాలి లేకుండా ఎలా దూకుతుందమ్మా?"

నేను 6.0 రాశాను.

సార్వా వరిచేలు అప్పుడు పొట్టమీద, వెన్ను తీసే దశలో ఉన్నాయి. నాలుగు రోజుల్లోనే మూడు వందల పన్నెండు ఎకరాల్లో వెన్ను తెల్లబడిపోయింది. రైతులు ముప్ఫై మంది సబ్ డివిజను ఆఫీసుకు, డిప్యూటీ ఇంజనీరు డీఈ గారి దగ్గరకు, వెళ్ళారు. వాళ్ళలో పెద్దాయన, కొసచేను తొమ్మిదెకరాలు కౌలుకు చేసేవాడు, డీఈ గారి బల్లమీద ఎండిన వెన్ను ఒకటి పెట్టి అడిగాడట: "తలుపులు ఎత్తు చేయించమని నాలుగేళ్ళుగా అడుగుతున్నాం. ఇంకెన్నిసార్లు ఉప్పు తినమంటారండి?"

డీఈ గారు రిజిస్టరు తెప్పించుకున్నారు. ఆ పౌర్ణమి నాడు ఆరడుగులు. అంతకుముందు పెద్దపోటులన్నింటికీ ఆరడుగులు. తలుపు అంచు ఆరుంపావు. ఆరడుగుల నీరు ఆరుంపావు తలుపు మీంచి ఎలా దూకుతుంది? దూకదు. అయినా చేలల్లో ఉప్పునీరు ఉంది. అంటే తలుపులు దించలేదు. లెక్క తేలికగా తేలింది. అక్టోబరు ఆరున లస్కరు మీద అభియోగపత్రం వచ్చింది: విధినిర్వహణలో నిర్లక్ష్యం, ఎందుకు ఉద్యోగం నుంచి తొలగించకూడదో పదిహేను రోజుల్లో చెప్పాలి. పై అధికారిగా దాన్ని ఆమెకు ఇచ్చి సంతకం తీసుకోవలసింది నేనే.

మధ్యాహ్నం బస్సుకే వెళ్ళాను. ఆమె క్వార్టరు గుమ్మంలో నిలబడి, వేలితో వరుస వెంబడి వరుస చదివింది. రెండో పేజీ దగ్గర ఆగింది.

"ఇందులో నేను తలుపులు దించలేదని ఉందండి."

"అవునమ్మా."

"దించానండి. మీకు ఫోన్లో కూడా చెప్పానండి, ఎనిమిదీ దించానని."

"రిజిస్టరు ప్రకారం నీరు తలుపు దాటే అవకాశం లేదు."

"ఆరూ పాయింటు నాలుగు కదండి? దాటదా?"

ఆమె తలెత్తి చూసింది. కోపం కాదు. లెక్క సరిపోక మళ్ళీ మొదటికి వెళ్ళేవాళ్ళ చూపు అది.

"రిజిస్టరులో ఏం రాశారండి?"

"ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాను. పెట్టింది. తన పేరు ఎప్పుడూ పూర్తిగా రాసేది, పొడి అక్షరాలు కూడా వదలకుండా.

గదికి వచ్చాక తొమ్మిదేళ్ళ డైరీలూ దించాను. ఎర్రగీత దాటిందని ఆమె చెప్పిన రోజులు మొదటి ఏడు రెండు. తరువాత మూడు, మూడు, ఆరు, తొమ్మిది, పదకొండు, పదిహేడు, ఇరవై రెండు. తొమ్మిదో ఏడు సెప్టెంబరు దాకా ఇరవై ఏడు. మొత్తం నూరు. దాదాపు అన్నీ అమావాస్యకో పౌర్ణమికో అటూ ఇటూ రెండు రోజుల్లోనే. ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు నెలల్లో. పొరపాటుగా చదివేవాళ్ళ పొరపాట్లు చంద్రుణ్ణి అనుసరించవు. ఈ సంగతి తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక్కసారి కూడితే చాలు. ఏ రోజు అంకెను ఆ రోజే సరిచేసి పడుకున్నాను కానీ, నేను ఎన్నడూ కూడలేదు.

పక్క సెక్షను ఆయనకు ఫోను చేశాను. విషయం విని కాసేపు నవ్వారు. తరువాత నవ్వు ఆపేశారు.

"ఏంటి తమ్ముడూ, డీఈ గారికి చెబుతావా?"

"ఆమె ఉద్యోగం పోతుందన్నా."

"ఆవిడకి ఇంకోచోట వేయిస్తారులే. నువ్వు నోరు తెరిస్తే నీ ఒక్క రిజిస్టరుతో ఆగుతుందా? నీ స్లూయిస్ దగ్గర లేచిన సముద్రం నా స్లూయిస్ దగ్గర పడుకుంటుందా? అందరి రిజిస్టర్లూ బల్లమీద పరుస్తారు. నాకు రెండేళ్ళ సర్వీసుంది."

"మీ దగ్గర గీత దాటింది ఎన్ని రోజులన్నా?"

"నేనెందుకు రాసి పెట్టుకుంటాను? నాకేమన్నా పిచ్చా? నీలాంటి పిచ్చోడికి డైరీ ఉంటుంది. దాన్ని పొయ్యిలో పెట్టి కాఫీ కాచుకో."

కాచుకోలేదు. కానీ డీఈ గారి దగ్గరకూ వెళ్ళలేదు. ఆరో తారీఖు నుంచి పంతొమ్మిది దాకా పదమూడు రోజులు. రోజూ ఆఫీసుకు వెళ్ళాను, సంతకం పెట్టాను, తిన్నాను. పద్నాలుగో తారీఖు అమావాస్య. విచారణ తేలేదాకా పనిలోనే ఉండమన్నారు కనుక ఆమె ఎప్పటిలాగే ఫోను చేసింది.

"ఇన్‌స్పెక్టరు గారండి, ఆరూ పాయింటు మూడండి."

ఆ రోజు నేను అల గురించి అడగలేదు. సరే అమ్మా అన్నాను. రిజిస్టరు తెరిచాను. ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. ఆ అంకె రాస్తే, ముందువి ఎందుకు రాయలేదని అడుగుతారనీ తెలుసు. 6.0 రాశాను. గుండ్రంగానే వచ్చింది.

నూట ఒకటోది అదే.

ఆ రాత్రి డైరీలో ఏమీ రాయలేదు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు డైరీల్లో అది ఒక్కటే ఖాళీ పేజీ.

పంతొమ్మిదో తారీఖు విచారణ. సబ్ డివిజను ఆఫీసు వరండాలో ఆమె బెంచీ మీద కాక మెట్టుమీద కూర్చుని ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా, అభియోగపత్రం. నన్ను చూసి లేచి నిలబడింది. ఆ లేవడమే నన్ను లోపలికి తోసింది అనుకుంటాను. నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. సిగ్గు భయాన్ని కొద్దిగా మించింది, అంతే.

డీఈ గారు నాకంటే పదేళ్ళు చిన్నవారు, మాట నిదానం. డైరీలు బల్లమీద పెట్టి చెప్పాను. ఆయన రెండు మూడు పేజీలు తిప్పారు.

"మీరు తప్పు రాశారంటారా?"

"అవునండి. నూట ఒక్కసారి."

"నూట ఒకటి అని ఎలా చెప్పగలరు?"

"మూడుసార్లు లెక్కపెట్టానండి."

"ఎర్రగీత దాటిన రీడింగు రాయకూడదని ఎక్కడుంది? ఏ సర్క్యులరు?"

నాకు తెలియదు. హెడ్ గుమాస్తాను పిలిచారు, ఆయనకూ తెలియదు. బీరువాలు తీయించారు. అలాంటి కాగితం ఏదీ లేదు. ఆ గీత ఎవరు గీశారో, ఏ ఏడు గీశారో కూడా ఎవరికీ తెలియదు. రంగు వెలిసినప్పుడల్లా మళ్ళీ వేశాం, అంతే. రాసి ఉన్న నిబంధనల్ని మేము సగం మరిచిపోయేవాళ్ళం. రాయని ఈ ఒక్కదాన్ని మాత్రం అందరం తు.చ. తప్పకుండా పాటించాం.

"డైరీ మీ సొంత కాగితం. ఆఫీసు రికార్డు కాదు. దీన్ని నమ్మితే రిజిస్టరు అబద్ధం. రిజిస్టరు నమ్మితే ఆవిడ దోషి." ఆయన కిటికీ వైపు చూశారు. "ఇరవై ఎనిమిదిన పౌర్ణమి కదా? నేనే వస్తాను."

ఇరవై ఎనిమిది పొద్దున ఎనిమిదింటికి స్లూయిస్ వంతెన మీద నలుగురం నిలబడ్డాం: డీఈ గారు, ఆమె, కొసచేను పెద్దాయన, నేను. గట్టు దిగువన ఊరివాళ్ళు. తలుపులు ఎనిమిదీ దించి ఉన్నాయి. డీఈ గారు ఒక్కొక్కటీ చేత్తో తట్టి చూశారు. ఆకు కదలడం లేదు. సముద్రం పళ్ళెంలో పోసినట్టు నిశ్చలంగా ఉంది.

ఇరవై తొమ్మిదేళ్ళలో పోటు నిండడం నేను దగ్గర నిలబడి చూడడం అదే మొదటిసారి. అల ఏదో వచ్చి కొడుతుందని అనుకున్నాను. ఏమీ కొట్టలేదు. గోడమీద తడి గీత పైకి జరుగుతూ వచ్చింది, చప్పుడు లేకుండా, తనకు ఎవరితోనూ పని లేనట్టు. ఐదున్నర. ఐదూ ఎనిమిది. తొమ్మిదికి పది నిమిషాలుందనగా ఎర్రగీతను తాకింది. కాసేపటికి గీత కనబడలేదు.

పెద్దాయన నా పక్కకు వచ్చి, అందరికీ వినబడేలా అన్నాడు: "మీ రిజిస్టరులో సముద్రం భలే బుద్ధిమంతురాలండి బాబూ. లక్ష్మణుడు గీసిన గీత సీతమ్మ దాటింది కానీ, మీరు గీసింది ఈ సముద్రం దాటలేదు."

తొమ్మిదీ ఐదుకు మూడో తలుపు అంచు మీంచి మొదటి నీటిపాయ జారింది. తరువాత ఎనిమిది తలుపుల మీంచీ పలచగా, మెరుస్తూ, అద్దం వంచినట్టు లోపలి కాలువలోకి దిగింది. దూకడం అని ఆమె అన్న మాట కూడా తక్కువేమీ కాదు, ఎక్కువేమీ కాదు. డీఈ గారు బూట్లు తడుస్తున్నా కదలలేదు.

"ఎంతమ్మా?" అని ఆమెనడిగారు.

ఆమె వంగి చూసింది. నా వైపు చూడలేదు. "ఆరూ పాయింటు నాలుగండి."

"రాయండి" అన్నారు నాతో.

నేను రాశాను. అంకె వంకరగా పడింది. ఆ పుటలో అన్నింటికంటే వికారమైన అంకె అదే, గీత దాటిన మొట్టమొదటి నిజమైన అంకె కూడా.

ఆమె మీద అభియోగం కొట్టివేశారు. నా సర్వీసు పుస్తకంలో అభిశంసన రాశారు, అది న్యాయం. మిగతా సెక్షన్ల రిజిస్టర్లు తెప్పించారు. అన్నింటిలోనూ పెద్దపోటులన్నింటికీ ఆరు, ఆరు, ఆరు. ఏ స్లూయిస్ దగ్గరా ఒక్క పదోవంతు పెరుగుదల లేదు. ఎవరూ డైరీలు రాసుకోలేదు. ఆ తీరమంతటా సముద్రం ఏ ఏడు ఎంత లేచిందో చెప్పే అంకెలు ఇక ఎప్పటికీ దొరకవు. చూసిన లస్కర్లు ఉన్నారు, చెప్పారు కూడా. మా అందరి చేతుల్లోనే అవి ఆగిపోయాయి.

సాయంత్రం పూట వచ్చే ఫోను ఆగిపోయింది. పక్క సెక్షను ఆయనకు నేను మూడుసార్లు చేశాను. నవంబరు రెండు, ఏడు, పదిహేను. ఎత్తలేదు. నెలవారీ సమావేశంలో నేను కూర్చున్న బెంచీ మీద నా పక్కన చోటు ఖాళీగా ఉండేది. ఒకసారి టీ తాగుతుంటే వెనక నుంచి ఎవరో అన్నారు, "జాగ్రత్తగా మాట్లాడండోయ్, రాసుకుంటారు." అందరూ నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. అప్పటికే వాళ్ళు అటు తిరిగిపోయారు.

ఆ ఒంటరితనంలోనే చదవడం మొదలుపెట్టాను. సముద్రం ఎందుకు పెరుగుతుందో తెలియకుండా తొమ్మిదేళ్ళు దాన్ని కొలిచానన్నది ఉద్యోగంలో నాకు కలిగిన రెండో సిగ్గు. బొగ్గు, డీజిలు, పెట్రోలు, గ్యాసు కాల్చిన పొగ గాలిలో దుప్పటిలా చేరి భూమి వేడిని బయటికి పోనివ్వదు. ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని సముద్రమే తాగుతుంది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. పైగా ధ్రువాల దగ్గర, కొండల మీద కరిగిన మంచు వచ్చి కలుస్తుంది. మా డెల్టాకు ఇంకో చిక్కు ఉంది. గోదావరి తెచ్చే ఒండ్రు ఎగువన ఆనకట్టల్లో ఆగిపోతే, కిందనున్న నేల తన బరువుకు తానే అణిగిపోతుంది. నేల నుంచి నీళ్ళూ గ్యాసూ తోడడం వల్ల కూడా కుంగుతుందంటారు. నీరు లేవడం, నేల దిగడం. నా డైరీ అంకెల్లో ఏది ఎంతో విడదీసి చెప్పలేను. ఒక గోడమీద తొమ్మిదేళ్ళ కొలతతో సముద్రం మొత్తం మీద తీర్పు చెప్పకూడదు. ఒక గీతతో తీర్పు చెప్పి చూశాను, చాలు.

కొసచేను పెద్దాయనకు ఇదంతా చెబితే ఆయన చుట్ట వెలిగించుకుని విన్నాడు.

"పొగవల్లనంటారు. ఆ పొగ మాదాండి?"

"అందరిదీనండి. నేను ఎక్కే బస్సుది, రొయ్యల చెరువుల దగ్గర రేయింబవళ్ళు ఆడే ఇంజన్లది, మనకు కరెంటిచ్చే బొగ్గుది. నీళ్ళు నిలవగట్టిన వరిచేలోంచి కూడా ఒక వాయువు వస్తుందట."

"హారి! పండిస్తే పొగ, పండించకపోతే పస్తు." చుట్ట వైపు చూసి ఆర్పేశాడు. "మరి ఏం చెయ్యమంటారు? అది చెప్పండి. కారణాలు వింటే కడుపు నిండదు."

చెప్పగలిగింది చెప్పాను. నీరు నిలవగట్టకుండా ఆరబెట్టి మళ్ళీ పెట్టే పద్ధతి. ఉప్పును తట్టుకునే వంగడాలు. గట్టుకు సముద్రం వైపు మడచెట్లు. రొయ్యల చెరువుల కోసం నరికినవే మళ్ళీ నాటుకోవడం. తలుపులు ఎత్తు చేయడం. వీటితో మనం కొంతకాలం కొనుక్కోగలమే గానీ, కాల్చడం తగ్గితే తప్ప అసలు రోగం తగ్గదు. అది ఈ గట్టుమీద తేలే పని కాదు. ఆయన అంతా విని, "మడచెట్లు మా తాత నాటాడండి, మా నాన్న కొట్టాడు, నేను నాటాలన్నమాట" అని లేచాడు. మరుసటి జూలైలో కొసన రెండెకరాలు వరినాట్లు ఊడ్చకుండా వదిలేసి మడమొక్కలు పెట్టాడు. కౌలుచేనులో ఎందుకయ్యా అని ఊళ్ళో నవ్వారట.

డీఈ గారు పంపిన ప్రతిపాదన మీద ఆ వేసవిలో తలుపులకు పైన అడుగెత్తు ఇనుపరేకు వెల్డింగు చేశారు. గట్టు ఎత్తు చేయడం ఇప్పటికీ కాగితం మీదే ఉంది. నిడదవోలు ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్న నాటికి మా ఊరు ఒక్క అంగుళం కదలకుండానే పశ్చిమ గోదావరి జిల్లా నుంచి తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చింది. గీతలు ప్రభుత్వం ఎంత సులువుగా జరుపుతుందో చూసినప్పుడల్లా, మా శాఖ ఒక్క గీతను ఎంత భద్రంగా కాపాడిందో గుర్తొస్తుంది.

విరమణకు ముందు నా చివరి పెద్దపోటు మరుసటి అక్టోబరు పదిహేడు. ఆ రోజు హాజరుపట్టీలో సంతకం పెట్టకుండా తెల్లవారుజామునే పాలవాను ఎక్కి స్లూయిస్‌కు వెళ్ళాను. ఆమె తలుపులు దించి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. ఏడాదిగా మేము ఫోనులో అంకెలు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. క్షమాపణ చెప్పాలని వెళ్ళాను. వాక్యం కూడా ముందే కట్టి పెట్టుకున్నాను.

"నీ మీద వచ్చిన ఆరోపణకు కారణం నేనమ్మా. తొమ్మిదేళ్ళు..."

"తొమ్మిదేళ్ళు నేను రెండేసిసార్లు చూసేదాన్నండి" అంది. నా వాక్యం అక్కడే ఆగిపోయింది. "మీరు ఫోను పెట్టేశాక మళ్ళీ వెళ్ళి చూసేదాన్ని. అదే అంకె. మా చర్చిలో కళ్ళ డాక్టర్లు వచ్చినప్పుడు రెండుసార్లు చూపించుకున్నానండి. రెండోసారి ఆ డాక్టరమ్మ కసిరింది, ఇంత చూపు పెట్టుకుని ఎందుకొచ్చావమ్మా, ముసలోళ్ళు లైన్లో ఉన్నారు అని."

"డాక్టరు చెప్పాక కూడా అనుమానమా?"

"డాక్టరమ్మ ఒక్కసారి చూసిందండి. మీరు రోజూ చెప్పేవారు కదండి."

గోడ కింద నీరు ఎక్కుతోంది. ఉద్యోగం పోతుందన్న భయం ఆమెకు ఇరవై రెండు రోజులు. తన కళ్ళే తనకు అబద్ధం చెబుతున్నాయన్న భయం తొమ్మిదేళ్ళు. ఆ రెండోది ఏ అభియోగపత్రంలోనూ లేదు, ఏ విచారణలోనూ కొట్టివేయలేదు. మనుషులు లేని ఆ గట్టుమీద, కనబడింది నిజమేనని చెప్పడానికి పక్కన ఇంకొక మనిషి లేకుండా, ఆమె అంతకాలం నిలబడింది.

"క్షమించమ్మా" అన్నాను. అంతే వచ్చింది.

ఆమె కొలతగోడ వైపు తిరిగింది. "పోటు నిండిందండి. చూడండి" అంది.

ఇద్దరం వంగి చూశాం. గాలి లేదు. తడి ఎర్రగీత మీదుగా పైకి వచ్చి నిలిచింది.

"మీకెంత కనబడిందండి?"

నేను జాగ్రత్తగా, రెండు కోణాల నుంచి చూశాను. "ఆరూ పాయింటు రెండు."

"నాకు మూడండి."

మళ్ళీ చూశాను. నాకు రెండే. ఆమె కూడా మళ్ళీ చూసింది, ఆమెకు మూడే. నాలో పాత ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం లేచాడు: ఇద్దరిలో ఒకరు పొరబడ్డారు, ఎవరో తేల్చాలి. అప్పుడు ఆమె, ఎన్నడూ లేనిది, నవ్వింది.

"రెండూ రాయండి. చూసినోళ్ళం ఇద్దరం కదా."

రిజిస్టరులో ఒక రోజుకు ఒక గడి. అందులో రెండు అంకెలకు చోటు లేదు. గోడమీద పెట్టుకుని, చిన్నగా, ఒకదాని పక్కన ఒకటి రాశాను. కింద నా సంతకం పెట్టి రిజిస్టరు ఆమెకు అందించాను. ఆమె తన పేరు పూర్తిగా రాసింది.